మేత మారిస్తే పొట్టలో ఏమవుతుంది?

(పాడి రైతుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు పనిచేస్తోందా? వెనక చింతచెట్టు కింద కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాఘమాసంలో, ఒకరోజు తెల్లవారుజామున ఒకాయన సైకిలు మీద వచ్చి తలుపు కొట్టాడు. ముందు రోజు వాళ్ళింట్లో పెళ్ళి. రెండు గంగాళాల అన్నం మిగిలిపోయింది. పారెయ్యడానికి చేతులు రాక, కొట్టంలో ఉన్న గేదెకు పెట్టారు. రోజూ ఎండుగడ్డి మేసి, ఇంత తవుడు కలిపిన కుడితి తాగే గేదె అది. అంత అన్నం కనిపిస్తే వదులుతుందా? పీకలదాకా తినేసింది. నేను వెళ్ళేసరికి ఎడమ డొక్క నీళ్ళ తిత్తిలా ఊగుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. పుల్లటి కంపుతో పారుకుంటోంది. లేపితే లేవడం లేదు. ఆ ఇంటి పెద్దామె అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అన్నమే కదయ్యా పెట్టాం, విషం పెట్టామా?" అంది.

ఆ గేదె దక్కలేదు. ఆమెకు నేను సరైన జవాబు కూడా చెప్పలేకపోయాను. "అజీర్ణం అమ్మా" అని తప్పించుకున్నాను. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ జవాబే. కాస్త ఆలస్యమైంది, ముప్పై అయిదేళ్ళు. (నవ్వులు)

ఇది పాతకాలం ముచ్చట అనుకోకండి. 2024 జూన్‌లో కేరళలో, కొల్లం జిల్లాలో, పరోటాలు, పనస తొనలు ఎక్కువగా తిన్న ఆవులు ఒకే డెయిరీలో ఐదు చచ్చిపోయాయని పేపర్లలో వచ్చింది. పరోటా కూడా విషం కాదు. మనం రోజూ తింటున్నాం.

అసలు సంగతి ఏమిటంటే, గడ్డి అరిగించుకునే శక్తి గేదెకు లేదు. ఆవుకూ లేదు. గడ్డిలో ఉన్న పీచును విడగొట్టే రసం వాటి ఒంట్లో ఎక్కడా ఊరదు. మనకీ ఊరదు, వాటికీ ఊరదు. మరి మనం గడ్డి తింటే బతకం, అవి తిని మనకు పాలిస్తున్నాయి. ఆ పని చేసి పెట్టేది, వాటికున్న నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్ద పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు. పెద్ద ఆవులో ఆ పొట్ట 100 నుంచి 200 లీటర్లు పడుతుంది. డొక్కలో ఎడమ పక్కంతా అదే. లోపల వేడి 39 డిగ్రీలు, ఎండైనా వానైనా అంతే. గాలి ఉండదు. తడి ఆరదు. మేత ఎప్పటికప్పుడు వచ్చి పడుతూనే ఉంటుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరు తీసి చూస్తే బ్యాక్టీరియా వెయ్యి కోట్లకు తక్కువ ఉండవు. వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన, ప్రోటోజోవా అనే ఒంటి కణపు జీవాలు లక్షల్లో ఉంటాయి. ఇవి మైక్రోస్కోపు కింద వెంట్రుకలు ఆడించుకుంటూ ఈదుతుంటే చూడాలి, పిల్లలకు చూపిస్తే వదలరు. ఇవి కాక బూజు జాతివి కొన్ని ఉన్నాయి. గాలి లేనిచోట బూజు బతకదని అంతవరకూ అందరూ అనుకునేవాళ్ళు. 1975లో ఇంగ్లండులో కోలిన్ ఆర్పిన్ అనే ఆయన గొర్రె పొట్టలో చూసి, ప్రోటోజోవా అనుకుంటున్న కొన్ని ఈదే జీవాలు నిజానికి బూజు బీజాలని తేల్చాడు. అవి వరిగడ్డి కాడలోకి వేళ్ళు దింపి లోపలినుంచి చీలుస్తాయి. ఎండుగడ్డి మేపే మనలాంటివాళ్ళు వాటికి రుణపడి ఉండాలి.

ఇప్పుడు ఆడవాళ్ళకు బాగా తెలిసిన విషయం ఒకటి తీసుకుంటాను. ఇడ్లీ పిండి. రుబ్బి పెడితే తెల్లారేసరికి పులుస్తుంది. ఎండాకాలం అయితే నాలుగు గంటలు చాలు. ఇంకా వదిలేస్తే పులిసిపోయి పనికిరాకుండా పోతుంది, కదమ్మా? పెద్ద పొట్ట కూడా పులిసే కుండే. తేడా ఎక్కడంటే, ఆ కుండ పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా పులుస్తూనే ఉండాలి గానీ పులిసిపోకూడదు. దీన్ని రెండు ఏర్పాట్లు కాపాడుతున్నాయి. ఒకటి లాలాజలం. ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులో సోడా ఉంటుంది, మనం వంటలో వేసే సోడాయే. నెమరు వేసే కొద్దీ అది ఊరుతుంది. బాగున్న పశువు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరేస్తుంది. పీచు ఉంటేనే నెమరు, నెమరు ఉంటేనే సోడా. రెండోది పొట్ట గోడ. పులుపును ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుంది.

ఆ పులుపేమీ వృథా కాదు. పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దాన్నుంచే వస్తుంది. అందులో ముఖ్యంగా మూడు ఆమ్లాలు. మొదటిది వినెగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, ఇది పొదుగులోకి వెళ్ళి వెన్న అవుతుంది. రెండోది ప్రొపియోనిక్ ఆమ్లం. ఇది కాలేయంలో చక్కెరగా మారి, పాలలో తీపి అవుతుంది, పాల కొలత పెరగడం దీనివల్లనే. మూడోది బ్యుటిరిక్ ఆమ్లం, మాగిన వెన్న వాసన గుర్తు తెచ్చుకోండి. గడ్డి మీద ఉన్న పశువులో ఎసిటిక్ ఎక్కువ, నూటికి 65, 70 పాళ్ళు. దాణా పెంచేకొద్దీ ప్రొపియోనిక్ వాటా పెరుగుతుంది. పాలు పెరిగి వెన్న శాతం తగ్గిందని పాల కేంద్రంలో కొట్లాడతారు చూశారూ, ఆ లెక్క ఇక్కడ మొదలవుతుంది. వెన్న కొలిచే మిషన్ తప్పూ ఉండొచ్చు, కాదనను. (నవ్వులు)

ఈ సూక్ష్మజీవులు పని చేసి ఊరుకోవు. రసంతోపాటు కిందికి జారి పేగుల్లో అరిగిపోతాయి. గేదెకు మాంసకృత్తులు చాలావరకు అలాగే అందుతాయి. మనం వాటికి మేత వేస్తాం, గేదె వాటిని తింటుంది. ఫిన్లండులో ఆర్తురి విర్తనేన్ అనే శాస్త్రవేత్త, 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చినాయన, దీన్ని చివరిదాకా లాగి చూశాడు. ఆవులకు మాంసకృత్తులు అస్సలు లేకుండా, గంజి పిండి, శుద్ధి చేసిన పీచు, చక్కెర, నత్రజని కోసం యూరియా, అమ్మోనియా లవణాలు పెట్టి మేపాడు. అవి బతికాయి, ఈనాయి, పాలిచ్చాయి. 1966లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అయితే ఆయన ఆ ఆవులను రాత్రికి రాత్రి యూరియా మీదికి మార్చలేదు. మెల్లమెల్లగా అలవాటు చేశాడు. అలవాటు పడింది ఎవరు? ఆవు కాదు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట. మేత మారితే లోపల మూడు మార్పులు మొదలవుతాయి. మూడూ ఒకేసారి మొదలవుతాయి గానీ ఒకేసారి పూర్తికావు. పులుపు మారడానికి గంటలు చాలు. జీవాల జనాభా మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పొట్ట గోడ మారడానికి నెల, నెలన్నర. మనకు వచ్చే నష్టాలన్నీ ఈ మూడింటి మధ్య ఉన్న ఎడంలో పుడతాయి. కొత్త మేత చెడ్డదై కాదు.

ఆ పెళ్ళి అన్నం దగ్గరికే వెళ్దాం. అన్నం పొట్టలో పడింది. పీచు తినే బ్యాక్టీరియా నెమ్మదస్తులు, వాటికి అన్నంతో పని లేదు. గంజి, అంటే అన్నంలో ఉండే పిండి పదార్థం, తినే జాతి ఒకటుంది, స్ట్రెప్టోకాకస్ బోవిస్ అంటారు. మామూలు రోజుల్లో ఏ మూలో కొద్దిగా ఉంటుంది. దానికి తిండి దొరికితే అరగంట తిరక్కుండా రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా రాత్రంతా లెక్కేసుకోండి. తిండి అంత ఎక్కువైనప్పుడు అది మామూలు ఆమ్లాలు మాని లాక్టిక్ ఆమ్లం చెయ్యడం మొదలుపెడుతుంది. పెరుగులో ఉండే పులుపు అదే. మిగతా ఆమ్లాలకన్నా దీనికి ఘాటు పది రెట్లు. దీన్ని తినేసే మంచి జాతులు కూడా పొట్టలో ఉన్నాయి, మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ లాంటివి. కానీ ఎండుగడ్డి గేదెలో అవి గుప్పెడే ఉంటాయి, ఎందుకంటే అంతవరకు వాటికి తినడానికి లాక్టిక్ ఆమ్లమే లేదు. అవి పెరిగి పోగయ్యేసరికి రోజులు పడుతుంది. ఈలోపు పులుపు దాటిపోతుంది.

పీహెచ్ అని ఒక కొలత ఉంది, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. గడ్డి మేసే పశువులో ఆరున్నర దరిదాపుల్లో ఉంటుంది. ఆరు దాటి కిందికి దిగితే పీచు తినేవి పని మానేస్తాయి. ఐదున్నర దగ్గర ప్రోటోజోవా చావడం మొదలవుతుంది. ఇది ఇంకో దెబ్బ. ఎందుకంటే ప్రోటోజోవా గంజి గింజలను మింగి కడుపులో దాచుకుని, బ్యాక్టీరియాకు ఒకేసారి దొరక్కుండా నిదానంగా అరిగిస్తాయి. ఆ కాపలా కూడా పోయింది. ఐదు కిందికి వచ్చేసరికి స్ట్రెప్టోకాకస్ బోవిస్ కూడా తట్టుకోలేక ఆగిపోతుంది. అప్పటికి లాక్టోబాసిల్లై అనే ఇంకా పులుపు ఓర్చుకునే జాతి పగ్గాలు పట్టేస్తుంది. పొట్టలో గాఢత పెరిగి ఒంట్లో నీళ్ళన్నీ అందులోకి లాగేసుకుంటుంది. డొక్క తిత్తిలా ఊగడం, కళ్ళు లోపలికి పోవడం అందుకే. రక్తంలోకి పులుపు ఎక్కుతుంది, పశువు కూలబడుతుంది. ఇదంతా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో. ఆ పెద్దామెకు చెప్పవలసిన జవాబు ఇది. విషం మీరు పెట్టలేదమ్మా. మీ అన్నంతో లోపల తయారైంది.

అలాగని అన్నం తినే పశువులన్నీ చావవు. హోటళ్ళ దగ్గర, కల్యాణ మండపాల దగ్గర తిరిగే ఆవులను చూడండి. రోజూ అన్నమే వాటికి. వాటి పొట్టలో లాక్టిక్ ఆమ్లం తినే జాతులు ముందే పోగై ఉంటాయి. అదే అన్నాన్ని ఎండుగడ్డి గేదెకు పెడితే కథ వేరు. బతికి బట్టకట్టినదానికి కూడా కొన్ని వారాలకు గిట్టలు వాచి కుంటడం చూశాను. అప్పటికి పెళ్ళి అన్నం సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇక రెండోది, జనాభా. 2015లో న్యూజిలాండు శాస్త్రవేత్తలు ముందుండి ఒక పెద్ద లెక్క తీశారు. 35 దేశాలు, 32 జాతుల నెమరువేసే జంతువులు, 742 నమూనాలు. ఆవులు, గేదెలు, గొర్రెలు, జింకలు అన్నీ ఉన్నాయి. తేలిందేమిటంటే ఎక్కడ చూసినా ముఖ్యమైన జాతులు దాదాపు అవే. తేడా వచ్చేది పాళ్ళలో. ఆ పాళ్ళను ఎక్కువగా నిర్ణయించేది జంతువు జాతి కంటే మేత. మన ఊళ్ళలాగే అనుకోండి. ఏ ఊరికెళ్ళినా కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి ఉంటారు. ఏ పని ఎక్కువ దొరికితే ఆ ఇళ్ళు పెరుగుతాయి. మీరు ఎండుగడ్డి నుంచి జొన్న చొప్పకు, చొప్ప నుంచి పచ్చి నేపియర్‌కు, దాన్నుంచి గుంతలో మాగబెట్టిన మొక్కజొన్న సైలేజ్‌కు మారినప్పుడల్లా పొట్టలో కొందరికి పని పోతుంది, కొందరికి ఓవర్‌టైమ్ వస్తుంది. సర్దుకోవడానికి రెండు వారాలన్నా ఇవ్వాలి. మూడైతే ఇంకా మంచిది.

(ముందు వరసలోంచి ఒక రైతు: "తొలకరి గడ్డి మొలిచినప్పుడు రెండు వారాలు ఆగితే పక్కోళ్ళ గేదెలు మేసేస్తాయి కద సార్?")

(నవ్వులు) నిజమే. ఆగమనడం లేదు. పొద్దున విప్పేముందు రెండు మోపులు ఎండుగడ్డి వెయ్యండి. ఆకలి తీరి వెళ్తుంది. మొదటి రెండు మూడు రోజులు గంటన్నర, ఆ తర్వాత మూడు గంటలు, అలా పెంచుకుంటూ పోండి. తొలకరి గడ్డిలో నీళ్ళు, చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. నెమరు తగ్గుతుంది, సోడా తగ్గుతుంది, పేడ జావగా అవుతుంది, వెన్న పడిపోతుంది. ఇంకొకటి, వాన పడగానే మోళ్ళలోంచి వచ్చే జొన్న పిలకల జోలికి మాత్రం పోనివ్వకండి. అది అలవాటుతో తీరేది కాదు. అందులోంచి సైనైడ్ పుడుతుంది, నిమిషాల్లో పశువు పడిపోతుంది.

వెన్న మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ గురించి చెప్పాలి. వెన్న శాతం పెరగాలని దాణాలో నూనె పోసేవాళ్ళున్నారు. నూనె తీయని పచ్చి తవుడు గంపలు గంపలు పెట్టేవాళ్ళున్నారు. నూనె లోపలికి వెళ్తే వెన్న బయటికి రావాలని మన లెక్క. పొట్టలోవాళ్ళ లెక్క వేరు. మనం వాడే వంట నూనెలు బ్యాక్టీరియాకు గిట్టవు, ముఖ్యంగా పీచు తినేవాటికి. కాబట్టి అవి నూనెను మార్చి గట్టి కొవ్వుగా చేసేస్తాయి. పొట్ట బాగుంటే ఈ మార్పు ఒక దారిలో జరుగుతుంది. దాణా ఎక్కువై, పీచు తక్కువై, పులుపు పెరిగితే దారి మళ్ళుతుంది, మధ్యలో ఒక కొత్త రకం కొవ్వు తయారవుతుంది. అది పొదుగులోకి వెళ్ళి వెన్న తయారీనే ఆపేస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బామన్, బామ్‌గార్డ్ బృందం 2000 సంవత్సరంలో దీన్ని రుజువు చేసింది. ఆ కొవ్వును శుద్ధి చేసి పెద్ద పొట్టను తప్పించి నేరుగా నాలుగో పొట్టలోకి రోజుకు 10 గ్రాములు వదిలితే, నాలుగు రోజుల్లో పాలలో వెన్న 40 శాతానికి పైగా పడిపోయింది. పది గ్రాములు, అంటే రెండు చెంచాలు. మీరు చెంబుతో పోస్తున్నారు. మీరు పోసే నూనె, ఆ కొవ్వు ఒకటి కాదు గానీ, పీచు లేని పొట్టలో ఒకటి రెండోదానికి దారి చూపిస్తుంది. వెన్న పడిపోయిన గేదెకు నేను రాసే మొదటి మందు మంచి చొప్ప.

ఇప్పుడు పొడుల సంగతి. మార్కెట్లో డబ్బాలు వచ్చాయి, బొమ్మలు బాగుంటాయి. "మంచి బ్యాక్టీరియా కోట్లలో" అని రాసి ఉంటుంది. కొనాలా వద్దా అని నన్ను ప్రతి ఊళ్ళో అడుగుతారు. దీనికి రెండు కథలు చెబుతాను, ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి.

మొదటిది అమెరికాలో, విస్కాన్సిన్‌లో జరిగింది. డొక్కకు మూత బిగించిన ఆవులుంటాయి పరిశోధనశాలల్లో. మూత తీసి చెయ్యి పెట్టి మేత బయటికి తియ్యొచ్చు. మా కాలేజీలో మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళు తిరిగాయి. ఆవు మాత్రం తాపీగా గడ్డి నములుతూనే ఉంది. పాల్ వీమర్ బృందం ఏం చేసిందంటే, రెండు ఆవుల పొట్టల్లో ఉన్నదంతా, 95 శాతం దాకా, తోడేసి ఒకదానిది ఇంకొకదాంట్లో పోసింది. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. పులుపు, ఆమ్లాల లెక్క ఒక్క రోజులోనే ఎవరి పాత లెక్కకు వాళ్ళవి వచ్చేశాయి. ఒక ఆవులో రెండు వారాలకు, ఇంకొకదాంట్లో రెండు నెలలకు, బ్యాక్టీరియా కూడా దాదాపు పాత పద్ధతికే తిరిగొచ్చాయి. నూటికి తొంభై అయిదు పాళ్ళు మార్చినా నిలవలేదు. మీరు చెంచాడు పొడి కుడితిలో కలిపితే ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే చెప్పండి.

రెండో కథ మన ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్ళకు దగ్గరది. సుబాబుల్. కాగితం మిల్లులకు కర్ర పోగా ఆకు పశువులకు వేస్తాం. మాంసకృత్తులు బాగా ఉన్న ఆకు. కానీ అందులో మైమోసిన్ అని ఒక పదార్థం ఉంది. పొట్టలోకి వెళ్ళాక అది డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారి, గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. వెంట్రుకలు రాలతాయి, చొంగ కారుతుంది, పశువు చిక్కిపోతుంది. ఆస్ట్రేలియాలో దీన్ని పొలాలకు పొలాలు వేసి ఆవులను మేపితే ఇవే జబ్బులు వచ్చాయి. అక్కడి శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌కు ఒక అనుమానం వచ్చింది. హవాయి దీవుల్లో మేకలు ఇదే ఆకు కడుపునిండా తిని హాయిగా ఉన్నాయి, ఎలా? చెట్టులో తేడా లేదు. మేకలో తేడా ఉండాలి, లేకపోతే మేక పొట్టలో ఉండాలి. 1980ల మొదట్లో హవాయి మేకల పొట్ట రసం ఆస్ట్రేలియాకు తెచ్చి అక్కడి పశువులకు పట్టించారు. జబ్బు పోయింది. అంతకన్నా వింత, పట్టించని పశువులకు కూడా పక్కవాటి నుంచి అంటుకుంది. రోగం అంటుకోవడం విన్నాం గానీ, ఆరోగ్యం అంటుకోవడం! ఆ పని చేసే బ్యాక్టీరియాను తర్వాత అమెరికాలో మిల్టన్ ఆలిసన్ బృందం పట్టుకుని, 1992లో జోన్స్ పేరు కలిసేలా సినర్జిస్టెస్ జోనెసీ అని పేరు పెట్టింది. క్వీన్స్‌లాండ్‌లో ఆ రసాన్ని పెంచి రైతులకు అందించారు.

మరి ఇది ఎందుకు నిలిచింది, విస్కాన్సిన్‌లో 95 శాతం మార్చినా ఎందుకు నిలవలేదు? అక్కడ అవి చేసే పని చెయ్యడానికి ఆ ఆవులో ముందునుంచీ తగినవాళ్ళున్నారు. కొత్తవాళ్ళకు చోటు లేదు. ఇక్కడ డీహెచ్‌పీ తినే జీవం ఆస్ట్రేలియా ఆవుల్లో లేదనే అప్పట్లో తేల్చారు. ఖాళీ కుర్చీ ఉంది, దాని ముందు విస్తరి కూడా వేసి ఉంది. వచ్చింది, కూర్చుంది. సుబాబుల్ మానేస్తే నెలల్లో అది మళ్ళీ సన్నగిల్లుతుంది. కాబట్టి డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు కొట్టువాణ్ణి ఒక ప్రశ్న అడగండి: ఇది తినేదేమిటి, ఆ తిండి నా మేతలో ఉందా? ఈస్టు పొడులకు మాత్రం కొంత ఆధారం ఉంది, ఎండాకాలంలో, దాణా ఎక్కువ పెట్టే ఆవులకు కాస్త పనిచేస్తాయి. అవి కూడా రోజూ వేస్తేనే, ఆపితే ఆగిపోతుంది.

మన దగ్గర సుబాబుల్ మాటేమిటంటారా, డీహెచ్‌పీ తినే జీవాలు మన దేశపు పశువుల్లో కూడా ఉన్నట్టు కనిపించింది. అయినా ఎన్నడూ తినని పశువుకు ఒక్కసారి మోపెడు వెయ్యకండి. గుప్పెడుతో మొదలుపెట్టి, పచ్చిమేతలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. చూడి పశువులకు ఇంకా తక్కువ.

ఖాళీ కుర్చీ సంగతి మన తాతలకు కూడా తెలుసు. మేత ముట్టని పశువుకు, పక్కన బాగున్న పశువు నెమరేస్తుంటే నోట్లోంచి ఆ ముద్ద లాగి దీని నోట్లో పెట్టేవాళ్ళు. మా రోజుల్లో చదువుకున్నవాళ్ళం నవ్వాం. తర్వాత అదే పని మేం గొట్టంతో చేశాం. పెద్ద జబ్బు చేసి, రోజుల తరబడి మేత లేక లోపల జనాభా చచ్చిపోయిన పొట్టకు ఇది ప్రాణం పోస్తుంది. నోటిద్వారా యాంటీబయాటిక్ బిళ్ళలు మింగించి పాడుచేసిన పొట్టకు కూడా. దూడల విషయంలో ఇంకో మాట. ప్రోటోజోవా దూడకు పెద్ద పశువుల లాలాజలం నుంచి, పక్కపక్కనే మెయ్యడం వల్ల వస్తాయి. విడిగా గదిలో కట్టేసి పెంచిన దూడకు రావు.

మూడోది, గోడ. బోటి కూర తినేవాళ్ళకు తెలుసు, పెద్ద పొట్ట లోపలంతా తువ్వాలు పోగుల్లా ఉంటుంది. పులుపును పీల్చేవి ఆ పోగులే. వట్టిపోయిన రోజుల్లో ఎండుగడ్డి మీద ఉన్న గేదెలో అవి పొట్టివవుతాయి. దాణా మొదలై, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తగులుతుంటే మళ్ళీ పెరుగుతాయి. పూర్తిగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. మనం ఏం చేస్తాం? చూడి గేదెకు చివరి నెల దాకా ఎండుగడ్డి వేసి, ఈనిన మర్నాడు ఐదు కిలోల దాణా తొట్లో పోస్తాం. బలం రావాలని. పొట్టి పోగులు ఆ పులుపు పీల్చలేవు. గేదె చావదు, కానీ దాణా వదిలేస్తుంది, నెమరు మానేస్తుంది, ఆ ఈతలో పాలు పూర్తిగా ఎక్కవు. "ఈ గేదె దండగ" అని సంతలో అమ్మేస్తాం. కొన్నవాడు మెల్లగా మేపి పాలు పిండుకుంటాడు. అలా అమ్మినవాళ్ళను, కొన్నవాళ్ళను కూడా నేను చూశాను, వాళ్ళలో కొందరు ఇక్కడే కూర్చున్నారు. (నవ్వులు)

ఈనడానికి మూడు వారాల ముందే అర కిలో, కిలోతో దాణా మొదలుపెట్టండి. ఈనడానికి ముందు రెండు కిలోల దాకా తీసుకెళ్ళండి. ఈనాక రెండు మూడు రోజులకు అర కిలో చొప్పున పెంచండి. ఎక్కువ పాలిచ్చేదానికి ఒకేసారి కాకుండా రోజుకు మూడు నాలుగు విడతలుగా వెయ్యండి. దాణాకు ముందు గడ్డి వెయ్యండి. సైలేజ్ గుంత కొత్తగా తెరిచినా, గడ్డి రకం మారినా మొదట పావు వంతు, నాలుగైదు రోజులకు సగం, అలా. యూరియా గడ్డి చేసేవాళ్ళు 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా కొలిచి కలిపి, గాలి పోకుండా 21 రోజులు మాగబెట్టి, తీశాక కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి. యూరియా నీళ్ళు చేసిన బకెట్టు పశువుకు అందేచోట మాత్రం వదలకండి, దానికి అలవాటంటూ ఏమీ లేదు.

(వెనకనుంచి ఒక మహిళా రైతు: "లోపల ఏమవుతోందో మాకెట్టా తెలుస్తది డాక్టరుగారూ? మాకు మూత పెట్టిన గేదె లేదు కదా.")

మంచి ప్రశ్న వేశావమ్మా. మూత అక్కర్లేదు. మధ్యాహ్నం పశువులు పడుకున్నప్పుడు చూడండి, సగానికి పైగా నెమరేస్తూ ఉండాలి. ఒక ముద్ద పైకి వచ్చి మళ్ళీ మింగేలోపు ఎన్ని నములులో లెక్కపెట్టండి. యాభై, అరవై ఉండాలి. నలభైకి పడితే పీచు తగ్గిందని అర్థం. పేడలో నురగ వస్తోందా, గింజలు గింజలుగా కనిపిస్తున్నాయా చూడండి. మేత మార్చిన వారంలో వెన్న రీడింగు కాగితాలు పారెయ్యకుండా దాచుకోండి.

ఇంకొకటి చేత్తో చూపిస్తాను, రండి. కొట్టం పక్కనే ఉంది. పిడికిలి బిగించి ఎడమ డొక్క మీద, చివరి పక్కటెముక వెనక పల్లంలో గట్టిగా ఆనించాలి. పొట్ట కదిలినప్పుడు మీ పిడికిలిని బయటికి నెడుతుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు. వాచీ ఉన్నవాళ్ళు ముందుకి రండి. ఒక్కొక్కరే, తోసుకోకండి, ఈ గేదె కొత్తవాళ్ళను చూస్తే తన్నుతుందట.